కెమెరా అమ్మేస్తే గొడవ తీరుతుందా?

చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమెకు 36 ఏళ్లు. ఇంట్లోనే బ్లౌజులు కుడతారు, మగ్గం వర్క్ చేస్తారు. భర్త ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేస్తారు. 12 ఏళ్ల అమ్మాయి, 8 ఏళ్ల అబ్బాయి. అత్తమామలు పల్లెలో ఉంటారు, వాళ్లకు 5 ఎకరాల తోతాపురి మామిడి తోట ఉంది. ఈమె చీటీ ఎత్తిన డబ్బులో 32 వేలు పెట్టి, రెండు లెన్సులతో ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనుక్కున్నారు. చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక అంటున్నారు.

జూన్ నెలాఖరులో ఒక ఆదివారం కుటుంబమంతా కారులో తిరుపతి జూకి బయల్దేరారు. మామయ్యను కూడా పిలిచారట. "ఆ వారమే రెండు లోడ్లు ఫ్యాక్టరీకి తోలి వచ్చాను, ఒంట్లో ఓపిక లేదు, మీరు పోయిరాండి" అన్నారట ఆయన. పొద్దున ఏడింటికి అనుకున్న ప్రయాణం తొమ్మిదిన్నరకు మొదలైంది. పూతలపట్టు దాటాక మామిడి గుజ్జు తీసే ఒక పల్ప్ ఫ్యాక్టరీ ముందు మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. "ఒక ట్రాలీ కింద నీడలో ఒక పెద్దాయన తువ్వాలు పరుచుకుని నిద్రపోతున్నారు. పైన ముగ్గిపోయిన కాయల రసం చెక్కల సందుల్లోంచి బొట్టుబొట్టుగా ఆయన చెప్పుల మీద పడుతోంది. అయిదు నిమిషాలు ఆపండి, ఒక్క ఫోటో అన్నాను. 'అది ఫోటో తీసే దృశ్యమా?' అని విసురుగా అని మా ఆయన కారు స్పీడు ఇంకా పెంచారు. తర్వాత చంద్రగిరి కోట దగ్గర అడిగినా ఆపలేదు."

జూ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఈమె కెమెరాతో చిరుత జాలీ దగ్గర చాలాసేపు, తెల్ల పులి దగ్గర ఇంకా ఎక్కువసేపు నిలబడ్డారు. పులి ఇటు తిరగాలని అబ్బాయితో చప్పట్లు కొట్టించారు. పిల్లలకు ఆకలి, ఎండ. ఈమె వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఉండగా, అబ్బాయి వాళ్ల నాన్న ఫోన్ పట్టుకుని రెయిలింగ్ ఎక్కాడు. భర్త పరిగెత్తుకొచ్చి వాణ్ని కిందికి లాగి, అందరి ముందూ అరిచారు: "బిడ్డ లోపల పడితే ఆ ఫోటో కూడా తీస్తావా?" తిరుగు ప్రయాణంలో ఎవరూ నోరు విప్పలేదు. రాత్రి చూసుకుంటే వందల ఫోటోల్లో పనికొచ్చేవి పదో పన్నెండో. చిరుత నిండా జాలీ గీతలు, తెల్ల పులి బూడిద రంగులో. అవే ఫోటోల్లో రెండు, తిరుపతిలో ఉండే ఆడపడుచు తన స్టేటస్‌లో పెట్టుకుంటే మెచ్చుకోళ్లన్నీ ఆమెకే వెళ్లాయి. అత్తగారు "ఫోన్లో రావా ఫోటోలు?" అన్నారు.

కెమెరా అప్పటి నుంచీ బీరువాలోనే ఉంది. దసరా సెలవుల్లో ఆడపడుచు ఇంటికి వెళ్లి, అక్కడ్నుంచి అందరూ కలిసి తలకోన జలపాతానికి వెళ్లాలని ప్లాన్. "ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది. కెమెరా తీసుకెళ్లాలా, ఇంట్లో వదిలేయాలా, అమ్మి పారేయాలా? పోయినేడాది ఆయన కొత్త ఫోన్ కొంటే ఎవరూ ఏమీ అనలేదు. నా చీటీ డబ్బుతో నేను కొనుక్కున్నదానికి ఇంత రాద్ధాంతమా?"

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో రెండు మాటలు వేర్వేరు చోట్ల ఉన్నాయి. మామగారు ఆ వారమే రెండు లోడ్లు ఫ్యాక్టరీకి తోలి వచ్చారన్నది ఒకటి. ట్రాక్టర్ల దగ్గర మీ ఆయన స్పీడు పెంచారన్నది ఇంకొకటి. ఒకసారి రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి.

2025 సీజన్‌లో తోతాపురి రైతు ఎలా నలిగిపోయాడో చిత్తూరులో ఉన్న మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటన వచ్చింది. ఆ ధర చేతికి అందక, గేటు ముందు పడిగాపులు పడలేక ఎంతమంది కాయల్ని రోడ్డు పక్కన పారబోశారో మీరూ చూసి ఉంటారు. రెండు లోడ్లు తోలినాయన ఆ వరుసలో ఎన్ని గంటలు నిలబడ్డారో, చేతికి ఎంత వచ్చిందో ఆ ఇంట్లో పెద్దగా ఎవరూ మాట్లాడుకుని ఉండరు. మీ ఆయన మనసులోకి నేను దూరి చూడలేదు. కానీ ట్రాలీ కింద పడుకున్న ఆ పెద్దాయనలో ఆయనకు వాళ్ల నాన్నే కనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు. అప్పుడు "ఒక్క ఫోటో" అన్న మాట గోరుచుట్టు మీద రోకటిపోటులా తగిలి ఉంటుంది. ఆయన నోరు తెరిచి ఆ సంగతి చెప్పలేదు. మన మగవాళ్లలో చాలామందికి అప్పు గురించీ నాన్న గురించీ మాట్లాడటం రాదు, ఆక్సిలరేటర్ తొక్కడం వచ్చు.

అలాగని మీరు చూసింది తప్పు అనను. చెప్పుల మీద పడుతున్న రసాన్ని గమనించారు చూడండి, ఆ కన్ను అందరికీ ఉండదు. ఆ దృశ్యం ఎవరో ఒకరు తీయాల్సిందే. కాకపోతే నిద్రపోతున్న మనిషిని, అదీ కష్టంలో ఉన్న మనిషిని, కారు దిగి తీసేసి వెళ్లిపోవడం వేరు. ఆయన లేచేదాకా ఆగి, పలకరించి, ఏ ఊరు నాయనా, ఎప్పుడొచ్చారు అని అడిగి, ఒప్పుకుంటే తీయడం వేరు. రెండోదానికి అయిదు నిమిషాలు చాలవు. ఆ రోజు కారులో ఉన్న పరిస్థితికి అది కుదిరేది కూడా కాదు.

కాబట్టి జూలో పేలిన కోపం పూతలపట్టు దగ్గరే రాజుకుందని నా అనుమానం. ఎండ, ఆకలి, ఆలస్యం దానికి తోడయ్యాయి.

ఇక రెయిలింగ్ సంగతి. మీ ఆయన అన్న మాట ఘోరమైన మాట. అందరి ముందూ అన్నారు కాబట్టి ఇంకా ఘోరం. దానికి ఆయన మీకు సారీ చెప్పాలి. కానీ ఆ భయం మాత్రం ఉత్తిది కాదు. 2024 ఫిబ్రవరిలో అదే జూలో ఒకతను సింహం ఎన్‌క్లోజర్‌లోకి దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. సెల్ఫీ కోసమే దిగాడని అప్పట్లో వార్తలొచ్చాయి. చిత్తూరు, తిరుపతి వాళ్లందరికీ గుర్తున్న సంగతే. కొడుకు కాలు రెయిలింగ్ మీద చూడగానే ఏ తండ్రికైనా అదే కళ్ల ముందు మెదులుతుంది. ఇంతకీ, అబ్బాయి చేతిలో ఉన్నది వాళ్ల నాన్న ఫోన్. ఫోన్ పిల్లాడికిచ్చి ఆయన ఆ నిమిషంలో ఎక్కడున్నారు? ఉత్తరంలో లేదు. తప్పంతా మీ నెత్తిన వేసుకోకండి. కెమెరాలో కన్ను పెట్టిన మనిషికి పక్కన ఏం జరుగుతోందో కనిపించదు. అందుకే ముందే గట్టిగా, పేరు పెట్టి చెప్పాలి: "నేను ఫోటో తీస్తున్నా, అబ్బోడిని మీరు చూసుకోండి." ఆయన "ఊఁ" అన్నాకే కన్ను పెట్టాలి. చాలా ఇళ్లలో ఎవరికి వాళ్లు రెండోవాళ్లు చూస్తున్నారులే అనుకుంటారు.

చప్పట్లు మాత్రం ఇంకెప్పుడూ కొట్టించకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జూలో జంతువుల్ని ఏడిపించడం, తిండి వేయడం, చప్పుళ్లతో ఇబ్బంది పెట్టడం శిక్ష పడే నేరం. చట్టం సంగతి అటుంచితే, మనం తనను పిలుస్తున్నామని పులికి తెలిసిపోతే అది చూసే చూపులో ఏ అందమూ ఉండదు, విసుగే ఉంటుంది.

ఫోన్ కొన్నప్పుడు ఎవరూ అడగలేదు, కెమెరాకు మాత్రం లెక్క చెప్పాలా అన్నారు. న్యాయమైన ప్రశ్న. మీ సంపాదన, మీ చీటీ, మీ ఇష్టం. దీన్ని మీ ఆయన ముందు పెట్టాల్సిందే. అయితే మామిడి గురించి మాట్లాడే రోజున ఇది ఎత్తకండి. రెండూ కలిపితే ఒకటి కూడా తేలదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

కెమెరా అమ్మేయొచ్చు. 32 వేలకు కొన్న సెకండ్‌హ్యాండ్‌కు మళ్లీ అంత రాదు, అది మీకూ తెలుసు. ఇంట్లో ఓ నెల ప్రశాంతంగా ఉంటుంది. తర్వాత ఎవరైనా పెళ్లిలో మంచి ఫోటో తీసినప్పుడల్లా మీకు గుర్తొస్తుంది, "నీ కోసమే అమ్మేశాను" అన్న మాట నాలుక చివర ఉంటుంది. ఏదో ఒక రోజు బయటికొస్తుంది కూడా. అప్పటి గొడవ ఇప్పటి కంటే పెద్దది. పైగా పూతలపట్టు దగ్గర తగిలిన దెబ్బకు, కెమెరా అమ్మకానికి సంబంధమే లేదు. ఇంట్లో నిజంగా డబ్బుకు కటకటగా ఉంటే మాత్రం వేరే విషయం. ఆ ఏడాది మామిడి దెబ్బకు చాలా ఇళ్లలో బంగారమే బ్యాంకుకు వెళ్లింది. అలాంటి అవసరమే ఉంటే, గొడవకు భయపడి కాకుండా అవసరం కోసం అమ్ముతున్నానని చెప్పి అమ్మండి. తర్వాత మళ్లీ కొనుక్కోవడానికి మొహమాటం ఉండదు.

రెండో దారి, కుటుంబంతో వెళ్లినప్పుడు ఫోన్‌తోనే సరిపెట్టుకుని, ఫోటోల కోసం విడిగా వెళ్లడం. జూలో మంచి ఫోటో తీయాలనుకునే మనిషి, పిల్లలకు ఏనుగును చూపించి ఐస్‌క్రీమ్ కొనిపెట్టాలనుకునే మనిషి ఒకే రోజు ఒకే గుంపులో వెళ్తే ఇద్దరికీ నష్టమే. 1987లో మొదలైన ఆ జూ శేషాచలం కొండల పాదాల దగ్గర అంత విశాలంగా ఉంది కదా, నడిచేవాళ్లకే సగం రోజు పడుతుంది, నిలబడేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పిల్లలు బడికెళ్లిన రోజున పొద్దున్నే చిత్తూరులో బస్సెక్కి, గేటు తెరిచే వేళకు వెళ్లండి. జంతువులు చురుగ్గా ఉండేది అప్పుడే. జూన్ మధ్యాహ్నం పులి అయినా మనిషి అయినా చేసేది ఒకటే, నీడ చూసుకుని పడుకోవడం. మీరు గంటసేపు నిలబడినా అది తిరగకపోవడానికి కారణం అదే.

జాలీ గీతలు పోవాలంటే పెద్ద లెన్స్ వేసి, జూమ్ చివరిదాకా లాగి, ఎఫ్ నంబర్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) అది ఇచ్చేంత తక్కువకు పెట్టండి. జంతువు జాలీకి దూరంగా, లోపలివైపు ఉన్నప్పుడే నొక్కండి. ఎండ పడి మెరిసే జాలీ ఎంత చేసినా ఫోటోలో కనిపిస్తుంది కాబట్టి, జాలీ మీద నీడ పడే వైపు వెతుక్కుని నిలబడండి. రెయిలింగ్ దాటి మాత్రం చెయ్యి కూడా పెట్టొద్దు. చిరుత మీకు మొహం చూపించలేదని బాధపడకండి. 2023లో అలిపిరి నడకదారి దగ్గర పట్టుకున్న చిరుతల్ని కూడా ఆ జూకే తరలించారు. నిన్నమొన్నటి దాకా అడవిలో తిరిగింది మనుషుల ముందు పోజులివ్వదు. తెల్ల పులి బూడిద రంగులో వచ్చిందంటే ఫ్రేమ్ నిండా తెలుపే ఉండి ఉంటుంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ఆ తెలుపును చూసి వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అని, ఫోటోలో వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ప్లస్ వైపు కాస్త జరిపి తీసి చూడండి. అద్దం ఉన్న చోట చున్నీ లెన్స్ చుట్టూ కప్పి అద్దానికి ఆనిస్తే మన మొహాలు అందులో కనిపించవు. ఫ్లాష్ వద్దే వద్దు. ఇవన్నీ ఒక్కరే ఉన్నప్పుడు నేర్చుకుంటే, కుటుంబంతో ఉన్నప్పుడు ఒక్కో బొమ్మకు అరగంట పట్టదు.

ఈ దారిలో ఇబ్బంది ఏంటో మీకు తెలుసు. "ఒక్కదానివే జూకి పోతావా?" అన్న ప్రశ్న ఇంట్లో వస్తుంది, వీధిలోనూ వస్తుంది. కుట్టాల్సిన బ్లౌజులు ఒక రోజు వెనకబడతాయి. తోడు కావాలంటే మీ అమ్మాయిని ఒక సెలవు రోజు తీసుకెళ్లి, చిన్న లెన్స్ వేసి ఒక గంట కెమెరా తన చేతికివ్వండి. చలికాలంలో తిరుపతి జిల్లాలోని నేలపట్టు పక్షుల కేంద్రానికి గూడబాతులు వస్తాయి, అదీ మనసులో పెట్టుకోండి. పక్షులను తీయడానికి మాత్రం మీ లెన్స్ కొంచెం చిన్నదనిపిస్తుంది. అక్కడితో ఇంకో చీటీ మొదలుపెట్టకండి, తొందరేం లేదు.

మూడోది, తలకోనకు కెమెరా తీసుకెళ్లడమే. తీసుకెళ్తే బయల్దేరే ముందు రాత్రే మాట్లాడుకోవాలి. దారిలో రెండు చోట్ల ఆపుతారా, ఎక్కడెక్కడ, ఎంతసేపు? మూడోది అడగనని మీరు మాటివ్వాలి. ఆ రెండు చోట్లా విసుక్కోకుండా ఉంటానని ఆయన మాటివ్వాలి. మూడో చోట అద్భుతమైన వెలుతురు పడుతుంది, అది ఖాయం. మీరు నోరు మూసుకుని కూర్చోవాలి, అదే ఈ దారిలో కష్టం. ఆయన కూడా రెండో చోట గడియారం చూసుకుంటారు, మీరు చూడనట్టు ఉండాలి.

తిరుపతి నుంచి వెళ్తున్నారు కాబట్టి భాకరాపేట ఘాట్ దాటాలి. అక్కడ మాత్రం ఎంత మంచి దృశ్యమైనా ఆపమని అడగకండి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది ఆ ఘాట్‌లోనే. మలుపులో ఆగిన కారు వెనక వచ్చేవాడికి కనిపించదు. ఈ ఒక్క విషయంలో మీ ఆయన ఆపనంటే ఆయనదే రైటు, నేను ఆయన పక్షమే. మీ ఫోటోలన్నీ జలపాతం దగ్గరికి దాచుకోండి. 270 అడుగుల పైనుంచి పడే నీళ్లను దగ్గర నిలబడి తీయాలని చూస్తే ఫ్రేమ్‌లో పట్టవు, లెన్స్ మీద తుంపర పడుతుంది. వెనక్కి వచ్చి, పిల్లలు నీళ్లలో ఆడుతుండగా తీయండి. కింద చిన్నగా మనుషులు ఉంటేనే ఆ ఎత్తు ఫోటోలో తెలుస్తుంది. అలా తీస్తే పిల్లలకు ఆట, మీకు ఫోటో, ఎవరూ ఎవరికోసమూ కాచుకుని కూర్చోరు. మెత్తటి బట్ట ఒకటి, బ్యాగ్‌కు ప్లాస్టిక్ కవర్ ఒకటి పెట్టుకోండి. తినేవి కెమెరా బ్యాగ్‌లో పెట్టకండి, కోతులకు ఏ బ్యాగ్‌లో ఏముందో మనకంటే ముందే తెలుస్తుంది.

ఇవేవీ చేసినా చేయకపోయినా, దసరా లోపు ఒక సాయంత్రం మీ ఆయన్ని కూర్చోబెట్టి అడగాల్సిన మాట ఒకటుంది: "ఆ రోజు ట్రాక్టర్ల దగ్గర మీకు మామయ్య గుర్తొచ్చారా?" కాదంటే కాదంటారు, నా ఊహ తప్పని తేలుతుంది, నష్టం లేదు. మాట మార్చి లేచి వెళ్లిపోతే వెంటపడకండి. ఔనంటే, ఎన్ని రోజులు వరుసలో ఉన్నారు, ఎంత వచ్చింది అని అడగండి, మధ్యలో కెమెరా మాట తేకండి. ఆయన మాట్లాడటం మొదలుపెడితే రెయిలింగ్ దగ్గర అన్న మాట గురించి ఆయనే ఎత్తే అవకాశం ఉంది. ఎత్తకపోతే మర్నాడు మీరే చెప్పండి, "ఆ మాట నాకు బాగా తగిలింది" అని. అరవకుండా, ఆ ఒక్క వాక్యమే.

తోటలో పూత వచ్చే కాలానికి, అంటే డిసెంబరు, జనవరుల్లో, మామగారిని అడిగి అక్కడ ఫోటోలు తీయాలని మీకు అనిపించొచ్చు. నాకైతే అది మంచి ఆలోచనే అనిపిస్తోంది. కానీ అది రెండువైపులా పదునున్న పని. ఆయన సంతోషపడి ఏ చెట్టు ఎప్పుడు నాటారో చూపిస్తూ తోటంతా తిప్పొచ్చు. లేదా "మా బతుకు ఫోటోలు తీసి ఊరందరికీ చూపిస్తావా?" అని నొచ్చుకోవచ్చు. ముందు కెమెరా లేకుండా వెళ్లి అడగండి. తీస్తే ఆయనకు చూపించకుండా ఒక్కటి కూడా గ్రూపుల్లో పెట్టకండి. వద్దంటే ఆ విషయం మళ్లీ ఎత్తకండి.

ఆడపడుచు స్టేటస్ గురించి ఉత్తరంలో ఒక పేరా మొత్తం రాశారు. ఇది మిగతావాటంత పెద్దది కాదు. తలకోనలో కలిసినప్పుడు నవ్వుతూ, "వదినా, ఈసారి నా పేరు కూడా వేయి, బ్లౌజుల ఆర్డర్లు వస్తాయి" అనండి. అర్థం చేసుకుంటుంది. చేసుకోకపోతే తర్వాత ఫోటోలు పంపేటప్పుడు ఒక మూలన మీ పేరు వేసి పంపండి, ఫోన్లోనే పది సెకన్ల పని.